మంచిర్యాల రాతిలో ఎడారి

అమెరికాలో అరిజోనా, యూటా రాష్ట్రాలు కలిసే చోట కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ఉంది. దాని ఎత్తు 216 మీటర్లు. 1963లో గేట్లు మూస్తే వెనక జలాశయం పూర్తిగా నిండేసరికి 1980 వచ్చింది. లేక్ పావెల్ అనే ఆ జలాశయం నిండుగా ఉన్నప్పుడు 300 కిలోమీటర్ల దాకా సాగుతుంది. ప్రధాన నదితో పాటు దానిలో కలిసే పక్క వాగుల లోయల్లోకీ నీళ్లు ఎగదన్నాయి. అలా ఎడారి మధ్యలో, నిట్టనిలువు రాతిగోడల నడుమ, తొంభైకి పైగా నీటి సందులు ఏర్పడ్డాయి.

ఆ నీటి మీద యాత్ర హౌస్‌బోట్‌తో మొదలవుతుంది. వంట, పడక, సామాను అన్నీ అందులోనే. ఏదో ఒక పక్క లోయ మొదట్లో, ఇసుక ఒడ్డు చూసి, దాన్ని తాళ్లతో కట్టేస్తారు. అంత పెద్ద పడవ పోలేని ఇరుకుల్లోకి కయాక్‌లు దింపుతారు. జానెడు లోతు నీళ్లున్నా తేలే సన్నని పడవ అది. ఒక్కరు కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో, చప్పుడు లేకుండా పోవచ్చు. ముందు గైడ్ కయాక్, వెనక వరుసగా మిగిలినవాళ్లు. కొన్ని చోట్ల చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి.

మంచి గైడ్ ఆ గోడల్ని చదివి వినిపిస్తాడు. జలాశయం ఎగువ భాగంలో అడుగున కనిపించే ఎర్ర, ఊదా రంగు మట్టిరాయి చిన్లే పొర. డైనోసార్లు అప్పుడప్పుడే మొదలవుతున్న ట్రయాసిక్ యుగం చివరి భాగంలో నదులు, వరద మైదానాలు వదిలిన బురద అది. దాని మీద వింగేట్ ఇసుకరాయి, గాలి పోసిన దిబ్బ. ఆపైన కయెంటా, నదులు తెచ్చిన ఇసుకా ఒండ్రూ. అన్నిటి మీదా నవాహో ఇసుకరాయి. దాదాపు 19 కోట్ల ఏళ్ల కిందట అక్కడ పరుచుకున్న ఇసుక ఎడారి, భూచరిత్రలో మనకు తెలిసిన అతి పెద్ద ఎడారుల్లో ఒకటి. నవాహో పొరలోకి ఇంకిన వాన మెల్లగా కిందికి దిగి, నీటిని దిగనివ్వని కయెంటా దగ్గర ఆగి, గోడలోంచి ఊటగా కారుతుంది. ఆ తడి గీత వెంట, చుట్టూ ఎడారి ఉన్నా, ఫెర్న్ మొక్కలు పచ్చగా వేలాడుతుంటాయి. రెండు పొరల సంగతి తెలిసినవాడికి ఆ పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో దూరం నుంచే తెలుస్తుంది.

ఇంత దూరం తీసుకెళ్లింది తిరిగి మన గోదావరి గట్టుకు రావడానికే. చిన్లే బురద పేరుకుంటున్న కాలంలోనే పేరుకున్న ఎర్రమట్టి పాత ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. గాలి పోసిన ఎడారి ఇసుకరాయి కూడా మంచిర్యాల, రామగుండం ప్రాంతంలో ఉంది. అది నవాహో కన్నా దాదాపు మూడు రెట్లో, అంతకన్నా ఎక్కువో పాతది. అక్కడ ఆ రాళ్లు వందల మీటర్ల గోడలై నిలబడితే, ఇక్కడ పత్తి చేల కింద పడుకుని ఉన్నాయి. ఎందుకిలా?

లోతైన గండి తెగాలంటే నీళ్లుంటే చాలదు. నీళ్లకే అయితే అరిజోనా కన్నా ఆదిలాబాద్‌లో వాన ఎన్నో రెట్లు ఎక్కువ. లేక్ పావెల్ ఒడ్డున ఉన్న పేజ్ పట్టణంలో ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా పడదు. మన ఉత్తర తెలంగాణలో వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడుతుంది. గండికి మొదట కావలసింది నేల పైకి లేవడం. 8 కోట్ల ఏళ్ల కిందట కొలరాడో ప్రాంతం మీద సముద్రం ఉండేది. ఆ తరవాత ఆ నేలంతా దాదాపు చెక్కుచెదరకుండా, పొరలు పొరలుగానే, సగటున రెండు కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. ఎత్తు పెరిగితే నదికి వాలు పెరుగుతుంది. వాలు పెరిగితే వేగం, వేగంతో పాటు ఇసుకనూ రాళ్లనూ దొర్లించే బలం. ఆ ఇసుకా రాళ్లే అడుగును కోసే పనిముట్లు. గ్రాండ్ కాన్యన్ పొడవునా 446 కిలోమీటర్లలో కొలరాడో 580 మీటర్ల దాకా దిగుతుంది, అంటే కిలోమీటరుకు 1.3 మీటర్లు. ఆ గండిలో ఎక్కువ భాగం గత 50, 60 లక్షల ఏళ్లలోనే తెగిందని భూవిజ్ఞానుల అంచనా.

రెండోది పొడి గాలి. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం. వాన ఎక్కువుంటే నది అడుగును కోస్తుంది, అదే వాన గట్టునూ కరిగిస్తుంది. రాయి మెత్తబడి మట్టవుతుంది, మట్టి మీద చెట్లు మొలుస్తాయి, నిలువు గోడ క్రమంగా వాలుగా, వాలు మెత్తని గుట్టగా మారుతుంది. ఎడారిలో ఈ పని చాలా నెమ్మది. ఎక్కడో దూరాన రాకీ పర్వతాల మంచు కరిగి వచ్చిన నీళ్లు అడుగును కోస్తుంటాయి, పక్క గోడలు మాత్రం అలాగే నిలబడి ఉంటాయి. మనకు కనిపించే కాన్యన్ ఈ రెండు వేగాల మధ్య తేడా.

ఇక మన లోయ సంగతి. ప్రాణహిత–గోదావరి లోయ పైకి లేచిన నేల కాదు, కిందికి దిగిన నేల. కరీంనగర్ వైపు ధార్వార్ పురాతన శిలాఖండం, అవతల బస్తర్ శిలాఖండం. రెండింటి నడుమ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడవుగా భూమి చీలి, మధ్య భాగం కోట్ల సంవత్సరాల పాటు విడతలు విడతలుగా కుంగింది. కుంగినప్పుడల్లా నదులు దాన్ని ఒండ్రుతో, ఇసుకతో నింపాయి. అలా వేల మీటర్ల మందాన పొరలు పేరుకున్నాయి. పేరుకోవడమంటే దాచుకోవడమే. సింగరేణి బొగ్గు మిగిలింది ఈ కుంగుబాటు వల్లనే. నేల కుంగకపోతే ఆ అడవుల పీట్ ఎప్పుడో కొట్టుకుపోయి ఉండేది.

కరీంనగర్ పట్నం పక్కనే లోయర్ మానేరు జలాశయంలో బోటింగ్‌కు వెళితే ఒడ్డున కనిపించే బండలు ఈ పొరలవి కావు. అవి గ్రానైట్. టాన్ బ్రౌన్ పేరుతో దేశదేశాలకు వెళ్లే కరీంనగర్ గ్రానైట్ ధార్వార్ శిలాఖండానిదే. అక్కడినుంచి గోదావరిఖని దిక్కు వెళ్తుంటే గ్రానైట్ గుండ్లు తగ్గి, పొరలు పొరలుగా ఉన్న ఎర్ర ఇసుకరాయి మొదలవుతుంది. బస్సు కిటికీలోంచి కూడా గమనించవచ్చు. ఆ కాస్త దూరంలో మనం దాటేది చీలిక అంచు.

వాలు లెక్క చూద్దాం. ఎల్లంపల్లి దగ్గర శ్రీపాద జలాశయం నిండు మట్టం సముద్ర మట్టం కన్నా 148 మీటర్లు. కిందకు, ప్రాణహిత కలిశాక ఉన్న మేడిగడ్డ బరాజ్ మట్టం 100 మీటర్లు. నది వెంట వంద కిలోమీటర్లకు పైగా దూరం, దిగింది 48 మీటర్లు. కిలోమీటరుకు అర మీటరు కూడా లేదు. ఇంత మెత్తని వాలులో నది కోయదు, మోసుకొచ్చింది వదులుతుంది. ధర్మపురి నుంచి కాళేశ్వరం దాకా మనం చూసే ఇసుక మేటలు అందుకే. కయాక్ వేసుకుని ఈ నదిలో పోతే రెండు పక్కలా గోడలుండవు. ఆకాశం, ఇసుక, దూరంగా గుట్టల గీత, పుట్టి వేసుకుని వల విసిరే గంగపుత్రులు కనిపిస్తారు.

ఆ గుట్టల గీతలోనే ఎడారి ఉంది. రామగుండం, మంచిర్యాల చుట్టుపక్కల ఉన్న పాత ఇసుకరాళ్లను భూవిజ్ఞానులు సుల్లవాయి సముదాయం అంటారు. దీని పొరల పేర్లు మన ఊళ్లవే: రామగిరి, మంచిర్యాల, వెంకటాపూర్. వీటి వయసు 100 కోట్ల ఏళ్లకూ 54 కోట్ల ఏళ్లకూ మధ్య. కింది పొరలు నదులు పరిచినవి. పైనున్న వెంకటాపూర్ ఇసుకరాయి మాత్రం గాలి పోసిన ఇసుక సముద్రమని భారతీయ గణాంక సంస్థకు చెందిన తపన్ చక్రవర్తి 1991లో అంతర్జాతీయ పత్రికలో వివరంగా చూపించారు.

నీళ్లు తెచ్చిన ఇసుకకూ గాలి తెచ్చిన ఇసుకకూ రాయిలో తేడా ఎలా తెలుస్తుంది? మొదటి ఆనవాలు రేణువుల సైజు. నది వరదలో గులకరాయినీ బురదనూ కలిపే మోస్తుంది. గాలికి గులకరాయిని లేపే బలం లేదు, మరీ సన్నని దుమ్మును ఆకాశానికెత్తి దూరం తీసుకుపోతుంది. కళ్లంలో తూర్పార పట్టినప్పుడు గింజా తాలూ వేరైనట్టు, దిబ్బ మీద మిగిలేవి దాదాపు ఒకే సైజు రేణువులు. రెండో ఆనవాలు వాటి ఒంపు. గాలిలో ఒకదాన్నొకటి కొట్టుకుని అవి గుండ్రబడతాయి, పైతలం మసకబారుతుంది. మూడోది ఏటవాలు గీతలు. గాలి దిబ్బ వెన్ను మీదుగా ఇసుకను తోసి అవతలి వాలు మీద జారవిడుస్తుంది. ఎండిన ఇసుక 30 డిగ్రీల పైచిలుకు వాలు దాకా నిలుస్తుంది, అంతకు మించితే జారిపోతుంది. అలా జారిన ప్రతి పొరా రాయిలో ఒక ఏటవాలు గీత. ఆ గీతలు ఏ దిక్కుకు వంగి ఉన్నాయో కొలిస్తే కోట్ల ఏళ్ల కిందటి గాలి ఎటు వీచిందో చెప్పవచ్చు. వెంకటాపూర్ రాతిలో దిబ్బల జాడలతో పాటు దిబ్బల మధ్య పల్లపు నేలలు అప్పుడప్పుడు తడిసిన గుర్తులూ దొరికాయి.

ఇక్కడొక జాగ్రత్త. ఎడారి అనగానే వాన లేని చోటు అనుకుంటాం. వెంకటాపూర్ ఇసుక పోగైన కాలానికి నేల మీద మొక్కలే లేవు. గడ్డి లేదు, వేరు లేదు, ఇసుకను పట్టి ఉంచేది ఏదీ లేదు. ఇప్పుడైతే పచ్చిక పట్టే వానలు పడినా, అప్పుడు నేల బోసిగానే ఉండేది. నదులు కట్టుబాటు లేకుండా విచ్చలవిడిగా పరుచుకునేవి, వరద తీయగానే గాలి ఆ ఇసుకను ఎత్తుకుపోయేది. కాబట్టి అప్పటి ఇసుక సముద్రాన్ని చూసి వాన ఎంత పడిందో తేల్చడం తేలిక కాదు. నవాహో ఎడారి కాలానికి చెట్లు ఉన్నాయి, అది నిజంగా ఎండకు మాడిన ఎడారి. రెండూ ఇసుకరాళ్లే, రెండూ గాలి పోసినవే, కారణాలు ఒకటి కావు. నా దృష్టిలో మంచిర్యాల రాయే ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే మొక్క లేని భూమి ఎలా ఉండేదో చెప్పగల సాక్షులు తక్కువ.

ఆ ఇసుకరాయికీ దాని పక్కనే ఉన్న బొగ్గు పొరలకూ మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీ తరవాత లోయ మళ్లీ కుంగడం మొదలైంది. 30 కోట్ల ఏళ్ల కిందట, భారత భూభాగం దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్నప్పుడు, హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన రాళ్లు అడుగున పడ్డాయి. మంచు కరిగాక గ్లోసాప్టెరిస్ చెట్ల చిత్తడి అడవులు, వాటినుంచి బొగ్గు. భూభాగం ఉత్తరానికి జరిగేకొద్దీ వేడెక్కి, ట్రయాసిక్ వచ్చేసరికి ఎర్రమట్టి. ఎర్రపల్లి పొర నుంచి మొదలై భీమారం, మాలేరి, ధర్మారం, కోట దాకా పొరలన్నీ ఈ లోయ ఊళ్ల పేర్లతోనే ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కాయి.

మాలేరి మట్టి ఎర్రగా ఉండడానికి కారణం ఇనుము తుప్పు. ఏడాదిలో కొంతకాలం నేల బాగా ఆరితేనే ఇనుము అలా మారుతుంది. ఆ మట్టిలో సున్నపు గుళికలు కూడా ఉంటాయి. తడి ఆవిరై పోతూ నేలలో సున్నాన్ని వదిలేసిన గుర్తు అది. కొద్ది నెలల వాన, మిగతా కాలం ఎండ: అప్పటి మాలేరి వాతావరణం ఇది. చిన్లే పొర కథ కూడా దాదాపు ఇంతే.

జీవుల్లోనూ పోలిక ఉంది. నాగపూర్‌లో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1850ల్లో ఈ లోయ శిలాజాలను సేకరించి పంపాడు. ఆ దారిన వచ్చిన పరిశోధనలో మాలేరి నుంచి బయటపడిన ఒక సరీసృపానికి ఆయన పేరే పెట్టారు, పారాసుకస్ హిస్లాపి. చూడ్డానికి మొసలే. పొడవాటి మూతి, పళ్లు, ఒంటి మీద పలకలు. ముక్కు రంధ్రాలు మాత్రం మూతి కొసన కాక కళ్ల ముందు, తల మీద ఉంటాయి. ఇది ఫైటోసార్, మొసళ్ల పూర్వీకుడు కాదు. నీటి ఒడ్డున మాటువేసి పట్టే బతుకు ఒకటే అవడంతో ఆకారం అలా కలిసింది. మాలేరిలో మెటోపోసార్ కూడా దొరికింది, చదునైన పెద్ద తల ఉన్న ఉభయచరం. ఫైటోసార్లు, మెటోపోసార్లు చిన్లే పొరలోనూ ఉన్నాయి. మాలేరిలోనే దొరికిన హైపెరోడపెడాన్ అనే, పక్షిముక్కు లాంటి మూతి ఉన్న శాకాహారి బంధువులు స్కాట్లాండ్‌లో, బ్రెజిల్‌లో ఉన్నారు. ఖండాలన్నీ పాంజియాగా ఒక్కటై ఉన్నప్పుడు ఆదిలాబాద్ నుంచి అరిజోనా దాకా నేల మీద నడిచే వెళ్లవచ్చు. ఆ మాట చెప్పడానికి మాలేరి మట్టి కన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఈ సాక్ష్యాన్ని పద్ధతిగా వెతికినవాళ్లను తలచుకోవాలి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ కలకత్తాలోని తన భారతీయ గణాంక సంస్థలో 1950ల చివర భూవిజ్ఞాన విభాగం పెట్టి, లండన్ నుంచి పమేలా రాబిన్సన్‌ను పిలిపించారు. ఆమె, ఆమె దగ్గర తయారైన యువకులు ఈ లోయలో ఊరూరా తిరిగారు. ప్రాణహిత ఆవలి గట్టున సిరొంచ తాలూకాలోని పోచంపల్లిలో ఆ బృందానికి దొరికిన ఎముకలే బరపాసారస్ టాగోరీ అనే డైనోసార్‌వి. ఇవతలి గట్టున, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ తవ్వి తీసిన మరో పెద్ద డైనోసార్‌కు 1988లో పి. యాదగిరి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. అమెరికాలో నవాహో దిబ్బలు పోగైన కాలానికి కొంచెం అటూ ఇటూగా ఇక్కడ మడుగులు, చేపలు, సున్నపు బురద, ఆ ఒడ్డున ఈ భారీ శాకాహారులు. అక్కడ ఎడారి, ఇక్కడ చెరువులు.

గోడలుండవని పైన అన్నాను కానీ ఒక చోటు దానికి మినహాయింపు. మంథని ప్రాంతంలో ఖాన్‌సాయిపేట దగ్గర గోదావరి రెండు గుట్టల నడుమ ఇరుకులో దూరి పోతుంది. స్థానికులు దాన్ని ఎల్ మడుగు అంటారు, చూసినవాళ్లు చిన్న పాపికొండలు అంటారు. వేసవిలో ఇసుక తేలే నదికి ఇక్కడ మాత్రం ఏడాది పొడుగునా నీళ్లుంటాయి. నదిలో పారే నీళ్లు ఇరుకులోనూ అవే పారాలి కదా. వెడల్పు తగ్గితే వేగమైనా పెరగాలి, లోతైనా పెరగాలి. వరదల్లో వేగం పెరిగి అడుగును తవ్వుతుంది, వరద తీశాక ఆ తవ్విన గుంత మడుగై మిగులుతుంది. ఉత్తర తెలంగాణలో కయాక్‌కు సహజమైన కాన్యన్ అంటూ ఉంటే ఇదే.

అయితే ఆ మడుగు మనది కాదు, మొసళ్లది. అవతలి గట్టున మంచిర్యాల వైపు ఉన్న శివ్వారం అభయారణ్యాన్ని ప్రకటించిందే మగ్గర్ మొసళ్ల కోసం. చలికాలం ఉదయాల్లో అవి బండల మీదా ఇసుక మీదా ఎండ కాగుతాయి, చలి తగ్గాక ఒడ్డు ఇసుకలో గుడ్లు పెడతాయి. కయాక్‌లకు అనువైన నెలలు కూడా అవే. అందుకని అటవీశాఖ అనుమతీ తెలిసిన పడవ మనిషీ లేకుండా అక్కడ తెడ్డు వేయకూడదని, గుంపులుగా అసలే వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. ఒడ్డున గుట్ట మీద కూర్చుని దూరదర్శినితో చూడడమే మేలు. మాలేరి మట్టిలో పారాసుకస్ మాటువేసిన లోయలోనే, 22 కోట్ల ఏళ్ల తరవాత, వేరే వంశపు జీవి అలాంటి ఆకారంతో, అదే మాటుతో బతుకుతోంది.

తెడ్డు వేయడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు నిలకడ నీళ్లే తగినవి. లోయర్ మానేరు, కడెం జలాశయాల్లో బోటింగ్ ఉంది. కడెం వాగు ఆ జలాశయానికి చేరేముందు ఎగువన కుంటాల దగ్గర 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. జలపాతమంటే ఆరంభ దశలో ఉన్న గండి. నీళ్లు పడే చోట అడుగు తవ్వుకుపోయి, పై బండ ఆధారం లేక విరిగి, జలపాతం ఏటేటా కనిపించనంత మెల్లగా వెనక్కి జరుగుతుంది. అది జరిగిన దారే కింది ఇరుకు లోయ. ఇంకా పెద్ద గోడలు కావాలంటే తెలంగాణ పర్యాటక శాఖ సోమశిల నుంచి శ్రీశైలం దాకా నడిపే లాంచీ ఉంది, కృష్ణ నల్లమలను కోసిన దారి వెంట. కడప జిల్లా గండికోటలో పెన్న ఎర్రమల కొండలను కోసిన గండి ఉంది. గట్టి రాయి, తక్కువ వాన రెండూ కలిసిన చోటు కాబట్టి అరిజోనాకు పోలిక అక్కడే ఎక్కువ.

పొరలు నిలువుగా కనిపించే గోడలు కరీంనగర్, ఆదిలాబాద్ నేలలో మరో చోట ఉన్నాయి. అవి మనుషులు తవ్వినవి. రామగుండం, శ్రీరాంపూర్ దిక్కు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల అంచున నిలబడితే ఇసుకరాయి, బొగ్గు, మళ్లీ ఇసుకరాయి, మెట్లు మెట్లుగా కిందికి దిగుతాయి. కొలరాడో లక్షల ఏళ్లు తీసుకున్న లోతుకు డంపర్లు కొన్ని దశాబ్దాల్లో దిగాయి. ఆ ఇసుకరాయి కూడా నవాహో లాగే నీళ్లు పట్టుకుంటుంది, అందుకే గనుల్లో రాత్రీ పగలూ నీళ్లు తోడుతూనే ఉండాలి. తోడడం ఆపితే గని జలాశయం అవుతుంది. బొగ్గు అయిపోయిన గనుల్లో ఒకటి రెండు గోడలనైనా పూడ్చకుండా, భద్రంగా వాలు సరిచేసి, పిల్లలకు చూపించే పొరల పుస్తకంగా ఉంచితే బాగుండు. చీలిక లోయ మనకివ్వని గోడను గని ఇచ్చింది. దాన్ని మట్టి కప్పి మరిచిపోవడం తగదు.

ఇరుకు నీళ్ల అందం గురించి రాసినవాడు ప్రమాదం గురించీ రాయాలి. 1997 ఆగస్టు 12న పేజ్ పక్కనే ఉన్న యాంటిలోప్ కాన్యన్‌లో, పైన వాన పెద్దగా లేకుండానే, ఎక్కడో ఎగువన కురిసిన వాన ఒక్కసారిగా వరదై వచ్చి 11 మంది పర్యాటకులను మింగింది. బోసి బండ నేల మీద వాన ఇంకదు, పడిందంతా సందులోకే వస్తుంది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల యాత్రకు వెళ్లిన లాంచీ కచ్చులూరు దగ్గర, గోదావరి వరదలో ఉండగా, సుడిలో మునిగి 50 మంది దాకా చనిపోయారు. వారిలో తెలంగాణ వాళ్లూ ఉన్నారు. ఎల్ మడుగు గురించి చెప్పిన సూత్రమే అక్కడా పనిచేసింది. తూర్పు కనుమల నడుమ నది ఇరుకై, లోతై, వరదల్లో సుడులు తిరుగుతుంది. మునిగిన లాంచీని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న బయటికి తీసేదాకా నెల దాటింది. కాబట్టి ఎగువన వరద ఎంతుందో అడగని గైడ్‌తో ఎక్కడికీ వెళ్లకండి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద ఉంటే లాభం లేదు.

జలాశయాల యాత్రలకు ఇంకో చిక్కుంది, నీళ్లు ఉంటాయన్న నమ్మకం లేదు. ఏళ్ల తరబడి కరవుతో 2023 ఫిబ్రవరికి లేక్ పావెల్ మట్టం నిండు స్థాయి కన్నా 180 అడుగుల దాకా కిందికి పోయింది. పడవలు దించే రేవులు కొన్ని ఎండి మూతపడ్డాయి, గోడల మీద పాత నీటి మట్టం దాకా తెల్లటి సున్నపు పట్టీ మిగిలింది. మన దగ్గర 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాక అక్కడ నీళ్లు నిలపడం ఆగింది. నిలిచిన నీళ్ల మీద పర్యాటకం కట్టేవాళ్లు ఈ రెండింటినీ గుర్తుంచుకోవాలి. పర్యాటకాన్ని రాయి మీద కడితే ఆ భయం లేదు.

అందుకే అడిగేది పడవల కన్నా ముందు గైడ్‌ల గురించి. గోదావరి మీద పుట్టి నడిపే యువకులకు, సింగరేణి ప్రాంతపు డిగ్రీ కాలేజీల పిల్లలకు, ఈ రాళ్లను చదవడం కొద్ది నెలల్లో నేర్పవచ్చు. మంచిర్యాలలో ఏటవాలు గీతలు చూపించి గాలి దిక్కు చెప్పడం, మాలేరి మట్టిలో సున్నపు గుళికలు చూపించి వాన సంగతి చెప్పడం, ఎల్ మడుగు దగ్గర నిశ్శబ్దంగా ఉండమనడం: ఇంతకు మించిన యాత్ర మరెక్కడా దొరకదు. ప్రాణహిత ఆవలి గట్టున వడదం దగ్గర మహారాష్ట్ర అటవీశాఖ శిలాజ పార్కు పెట్టింది. కోటాసారస్ పుట్టిన ఇవతలి గట్టుకూ అలాంటిది కావాలి.

పాఠకులకు ఒక మాట. రేచ్ని రోడ్, భీమారం, యామన్‌పల్లి వైపు వెళ్లినప్పుడు ఒర్రెల్లో, చెలకల్లో రాయిలా బరువుగా ఉన్న ఎముక ముక్క కనిపిస్తే చేత్తో పెకలించకండి, ఇంటికి తెచ్చుకోకండి. ఉన్నచోటే ఫొటో తీసి, పక్కన కొలత కోసం పెన్ను పెట్టి, ఫోన్‌లో ఆ చోటు గుర్తు వేసుకుని, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ హైదరాబాద్ కార్యాలయానికి తెలియజేయండి. ఏ పొరలో దొరికిందో తెలియని ఎముక వయసు చెప్పలేదు.